1:8 బసంత్: మందు కొట్టే బుల్లి విమానం, పని డైరీ

కొలతలు, హద్దులు

నమూనా: హెచ్‌ఏఎల్ వాళ్ల హెచ్‌ఏ-31 బసంత్. పొలాలకు మందు కొట్టడానికనే తయారైన విమానం. ఈ రూపం 1972 మార్చి 30న మొదటిసారి ఎగిరింది. 400 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను, ఒకే ఒక్క సీటు, కింద రెక్క, తోక చక్రం. 1980లో ఆపేసేటప్పటికి చేసినవి 39. అసలుదాని రెక్క 12 మీటర్లు, పొడవు 9 మీటర్లు. ఎనిమిదో వంతుకు దించితే నేను చేసే రిమోట్ విమానానికి 150 సెం.మీ. రెక్క, 112.5 సెం.మీ. పొడవు వస్తాయి.

ఎనిమిదో వంతే ఎందుకంటే బరువు కోసం. డ్రోన్ రూల్స్ 2021 లెక్కలో 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా ఉన్నది మైక్రో. వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే దీనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు. ఆరో వంతు చేస్తే అందంగా ఉంటుంది కానీ నీళ్లతో కలిపి నాలుగు కిలోలకు పోతుంది. అందుకని నాకు నేనే పెట్టుకున్న గీత: నీళ్లతో సహా 2,000 గ్రాములు. ఈ డైరీలో ప్రతి దశ చివరా బరువు, ఖర్చు రాస్తాను. ట్రాన్స్‌మిటర్ నా దగ్గర ముందే ఉంది కాబట్టి ఖర్చులో కలపలేదు.

ఎగరేసే చోటు గుంటూరుకు దక్షిణాన, వట్టిచెరుకూరు వైపు మా బావ పొలం. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకున్నాను, ఆకుపచ్చ జోనే, ముందస్తు అనుమతి అక్కర్లేదు. మీరు చేసేటట్టయితే మీ చోటు మీరు చూసుకోండి, విజయవాడ వాళ్లయితే మరీ ముఖ్యం. గన్నవరం విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా, అనుమతి అడిగే పసుపు జోన్ రూల్స్ పట్టుకుంటాయి.

ట్యాంకులో పోసేది నీళ్లు, కేకుల్లో వేసే నీలం రంగు. మందు ఒక్క చుక్క కూడా పోయలేదు, పోయను.

దశ 1: రెక్క (నవంబరు)

పట్నంబజారులో తెచ్చిన థర్మోకోల్ దిమ్మను కరెంటు తీగతో కోశాను. పాత హీటరు కాయిలు సాగదీసి, వెదురు బద్దకు విల్లులా కట్టి, బండి బ్యాటరీకి తగిలించాను. తీగ ఎర్రబడితే వేడి ఎక్కువైనట్టు. అప్పుడు థర్మోకోల్ తెగదు, కరిగి గాడి పడుతుంది. నల్లగానే ఉండి, కోస్తుంటే వెనకాల సన్నటి దారాలు లాగుతుంటే సరైన వేడి.

మొదటి జత పాడైంది తీగ వల్ల కాదు. ముక్కలు అతికించడానికి ఇంట్లో ఉన్న ఇన్‌స్టంట్ గమ్ము పోశాను. పది సెకన్లలో బొటనవేలు పట్టేంత గుంట పడింది. థర్మోకోల్‌ను ఆ గమ్ము తినేస్తుంది. తెల్ల ఫెవికోల్ గానీ, ఫోమ్‌కు వాడే గమ్ము గానీ తప్ప ఇంకేదీ తగలనివ్వకండి.

రెండో జతలో వెన్నుబద్దగా వెదురు వేశాను. పరీక్ష ఇలా:

1. రెక్కను తిరగేసి, మధ్యలో రెండు ఇటుకల మీద ఆనించాలి.
2. రెండు వైపులా సమంగా బియ్యం ప్యాకెట్లు పేర్చాలి. నేను మొత్తం 4 కిలోలు పెట్టాను. 2 కిలోల విమానం గట్టిగా మలుపు తిరిగితే రెక్క మీద పడే బరువు దాదాపు అంత.
3. చివర ఎంత వంగిందో స్కేలుతో కొలవాలి.

వెదురుతో 9 సెం.మీ. వంగింది. 10 మి.మీ. కార్బన్ గొట్టం మార్చాక 3.5 సెం.మీ. వెదురు ధర సున్నా, కార్బన్ గొట్టం రూ. 480. ఇక్కడ లోభిస్తే ఆకాశంలో బయటపడుతుంది.

బరువు: రెక్క 318 గ్రా. ఖర్చు: రూ. 1,150.

దశ 2: ఒళ్లు, మోటారు, నీళ్లు లేకుండా ఎగరడం (డిసెంబరు మొదట్లో)

ఇది చాలామంది చేసేదే కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ఒంటికి ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డు, ముక్కుకు 3 మి.మీ. ప్లైవుడ్. 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, 50 ఆంపియర్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూటు), 11 అంగుళాల ప్రొపెల్లరు, 3 సెల్ 2200 బ్యాటరీ, 9 గ్రాముల సర్వోలు (రెక్క, తోక పలకలు కదిపే బుల్లి మోటార్లు) నాలుగు. ఎలక్ట్రానిక్స్ కొంత ఆన్‌లైన్లో, మిగతా చిల్లర సామాను విజయవాడలో కొన్నాను. బీసెంట్ రోడ్డులో పార్కింగ్ కోసం రెండు రౌండ్లు తిరుగుతూ, బసంత్‌కు సామాను బీసెంట్‌లో కొంటున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. ఇంట్లో చెబితే ఎవరూ నవ్వలేదు.

రన్‌వేగా బావ మిరప కల్లం. డిసెంబరులో ఖాళీగా, గచ్చులా ఉంటుంది. నీళ్లు లేకుండా ఆరుసార్లు ఎగిరింది. రెక్క ముందంచు నుంచి 6.8 సెం.మీ. దగ్గర బ్యాలెన్స్. ఏ గొడవా లేదు. అక్కడే నాకు కాస్త పొగరెక్కింది.

బరువు: 1,215 గ్రా. ఖర్చు: ఈ దశలో రూ. 6,590, మొత్తం రూ. 7,740.

దశ 3: పంపు, నాజిళ్లు

బాల్కనీ మొక్కలకు పొగమంచులా చిమ్మే నాజిళ్లు నాలుగు తెచ్చి, రెక్క కింద సన్నటి గొట్టానికి బిగించాను. 12 వోల్టుల చిన్న పంపు. స్విచ్చి వేస్తే పొగమంచు రాలేదు. కుళాయి సరిగ్గా కట్టకపోతే కారినట్టు టప్ టప్‌మని పడ్డాయి. నిమిషానికి నాలుగు నాజిళ్లూ కలిపి 34 మి.లీ.

పంపు ప్రెజర్ కొలవడానికి గేజీ అక్కర్లేదు, మేడ మెట్లు చాలు:

1. పంపు, బకెట్ కింద ఉంచాలి. గొట్టం చివర చేత్తో పట్టుకుని మెట్లెక్కాలి.
2. ఏ ఎత్తులో నీళ్లు రావడం ఆగిపోతుందో అక్కడ టేపు పెట్టి కొలవాలి.
3. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ దాదాపు 1 బార్ ప్రెజర్.

నా పంపు 3 మీటర్ల 20 సెంటీమీటర్ల దగ్గర చేతులెత్తేసింది. అంటే 0.32 బార్. ఆ నాజిళ్లకు కనీసం 3 బార్ కావాలి. పదో వంతు ఉంది. అంత ప్రెజర్ ఇచ్చే పంపు తూకం వేస్తే పావుకిలో పైమాటే. నాజిళ్లతో పని కాదని తేలిపోయినట్టే.

కానీ వచ్చిన ఆదివారం ఊరుకోకుండా, చుక్కలు ఎలా పడితే అలా పడనీ, ముందు నీళ్ల బరువుతో ఎగురుతుందో లేదో చూద్దామనుకున్నాను.

బరువు: స్ప్రే సామాను 177 గ్రా., ఖాళీగా 1,392, 300 మి.లీ. నీళ్లతో 1,692 గ్రా. ఖర్చు: రూ. 970, మొత్తం రూ. 8,710.

దశ 4: కూలడం (డిసెంబరు చివర)

ఈ దశను ఎవరూ కాపీ కొట్టకండి.

అసలు బసంత్ బొమ్మ చూడండి. ముందు ఇంజను, దాని వెనక మందు తొట్టి, తొట్టి వెనక ఎత్తుగా పైలట్. మందు కొట్టే విమానాలు చాలా వరకు ఇదే వరసలో ఉంటాయి. అమెరికాలో ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీరు ఇదే పని కోసం గీయగా 1950లో ఎగిరిన ఏజీ-1 దగ్గర్నుంచీ చూస్తున్న పద్ధతి. విమానం ముక్కు మీద పడితే తొట్టి బరువు వెనక నుంచి వచ్చి పైలట్ మీద పడకూడదని ఒక కారణం. నేను ఆ ఒక్కటే తెలుసుకుని, నా విమానంలో పైలట్ లేడు కదా అనుకున్నాను. తొట్టి ఉండాల్సిన చోట బ్యాటరీ పెట్టాను, నీళ్ల సీసాను వెనక కాక్‌పిట్ కింద దూర్చాను.

రెండో కారణం నాకు కల్లంలోనే అర్థమైంది. తొట్టి సరిగ్గా బ్యాలెన్స్ పాయింట్ మీద ఉంటే నిండుగా ఉన్నా, ఖాళీ అయినా విమానానికి తేడా తెలియదు. నా లెక్క చూడండి: సీసా మధ్యభాగం ముందంచు నుంచి 20 సెం.మీ. దగ్గర. బ్యాలెన్స్ పాయింటుకు 13.2 సెం.మీ. వెనక. 300 గ్రాముల నీళ్లు అక్కడ పెడితే

300 × 13.2 ÷ 1,692 = 2.3 సెం.మీ.

బ్యాలెన్స్ 6.8 నుంచి 9.1కి జరిగింది. 24 సెం.మీ. వెడల్పు రెక్కలో అది 37 శాతం పైన. పైగా సీసా నిండా పోయలేదు. 500 మి.లీ. సీసాలో 300 పోశాను. విమానం ముక్కెత్తగానే నీళ్లన్నీ వెనక్కి పోయాయి, ముక్కు ఇంకా లేచింది, నీళ్లు ఇంకా వెనక్కి. నేను స్టిక్ ముందుకు తోస్తే నీళ్లు ముందుకు దూకి ముక్కు కిందికి కొట్టింది. మూడుసార్లు అలా ఊయల ఊగి, నాలుగోసారి ఎనిమిది మీటర్ల ఎత్తులో ఆగిపోయి, ముక్కు మీద పడింది.

బావ వచ్చి విరిగిన ముక్కు పట్టుకుని, "ఏంరా బామ్మర్దీ, కావిడి ఎప్పుడూ మొయ్యలేదా? బిందె సగమే నింపితే నడుస్తుంటే ఎలా కొడుతుందో అమ్మనడుగు" అన్నాడు.

మార్చినవి:

1. బ్యాటరీ ముక్కులోకి. ప్లైవుడ్ కొత్త పెట్టె.
2. నీళ్లు తొట్టి చోటుకి, బ్యాలెన్స్ పాయింట్ మీదికి.
3. సీసా తీసేసి మెత్తటి సెలైన్ బ్యాగు. నీళ్లు పోసి, పైన ఉన్న గాలి పిండేసి మూత పెడితే ఖాళీ అయ్యేకొద్దీ బ్యాగు ముడుచుకుంటుంది. లోపల గాలి లేదు కాబట్టి నీళ్లు అటూ ఇటూ కొట్టుకోవు, పంపు గాలి పీల్చదు.

మూడోదానికి ముందు సీసాలో స్పాంజి ముక్కలు కుక్కి చూశాను. కొట్టుకోవడం తగ్గింది కానీ స్పాంజి నలకలు పంపులో ఇరుక్కున్నాయి. మెడికల్ షాపులో బ్యాగు కొంటే కుర్రాడు, "పేషెంట్‌కి ఎలా ఉంది సార్?" అన్నాడు. ముక్కుకి కట్టు కట్టామని చెప్పాను.

మళ్లీ కొలిస్తే నిండుకీ ఖాళీకీ తేడా 2 మి.మీ.

బరువు: ముక్కు మరమ్మతుకు 58 గ్రా. పెరిగింది, బ్యాగు వల్ల 12 తగ్గింది. ఖాళీగా 1,438. ఖర్చు: మరమ్మతు రూ. 940, బ్యాగు రూ. 90, మొత్తం రూ. 9,740.

దశ 5: తిరిగే చక్రాలు (జనవరి)

ప్రెజర్ లేకుండా నీళ్లను చుక్కలుగా కొట్టాలంటే తిరిగే చక్రం మీద పోయాలి. తడి గొడుగు గిర్రున తిప్పితే అంచు నుంచి చుక్కలు లేస్తాయే, అదే. పెద్ద విమానాలకు మైక్రోనేర్ అనే అటమైజర్లు ఉంటాయి, గాలికి వాటంతటవే తిరిగే జల్లెడ డబ్బాలు. నాకు తేనె సీసా మూతలు దొరికాయి. 50 మి.మీ. వ్యాసం. అంచున ఆకురాయితో పళ్లు కోశాను.

ఇందులో అందమైన సంగతి, చుక్క సైజు మన చేతుల్లో ఉంటుంది. 50 మి.మీ. చక్రం, మామూలు నీళ్లకు సుమారు లెక్క ఇది:

- నిమిషానికి 4,000 చుట్లు: 340 మైక్రాన్లు
- 6,000 చుట్లు: 230 మైక్రాన్లు
- 8,000 చుట్లు: 170 మైక్రాన్లు
- 10,000 చుట్లు: 140 మైక్రాన్లు

చుట్లు రెట్టింపైతే చుక్క సగం. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు.

మొదట బొమ్మ కార్ల మోటార్లు వాడాను. చుట్లు కొలిచే టాకోమీటరు పెట్టి చూస్తే 9,400 చుట్లు. సంబరంగా రాసుకున్నాను కూడా. ఎగరేస్తే కిందపడినవి చుక్కలు కావు, చిలకరింపు. రెండు రోజులు గొట్టాలు మార్చాను, పళ్లు మళ్లీ కోశాను. మూడో రోజు రాత్రి నీళ్లు పోస్తూ టాకోమీటరు పెట్టాను: 3,150. అంతకుముందు కొలిచిందంతా ఎండు చక్రం. నీళ్లను సెకనుకు ఎనిమిది, తొమ్మిది మీటర్ల వేగానికి విసరడానికే బొమ్మ మోటారు ఓపికంతా అయిపోతోంది. తడిగా కొలవండి. ఇదొక్కటి ముందే తెలిసుంటే నాకు మూడు రోజులు మిగిలేవి.

పాత రేసింగ్ డ్రోన్ల బుల్లి బ్రష్‌లెస్ మోటార్లు రెండు వేశాక ఎండుగా 6,350, తడిగా 6,000. కానీ చక్రం మీదికి నిమిషానికి 300 మి.లీ. వదిలితే మధ్యమధ్యలో అగ్గిపుల్ల తలంత చుక్కలు. నీళ్లు ఎక్కువైతే పళ్ల నుంచి దారాల్లా పోవు, పలకలా లేచి ఎక్కడపడితే అక్కడ చిరుగుతాయి. ఒకే ఇరుసు మీద రెండు మూతలు ఒకదాని మీద ఒకటి పెట్టి నీళ్లు పంచాక తగ్గింది.

ఇక కుడి ఎడమల సమానం. 30 సెకన్లు రెండు చక్రాల చోట రెండు గ్లాసులు పెడితే ఎడమ 128 మి.లీ., కుడి 172. కుడి గొట్టం 11 సెం.మీ. పొట్టి. రెండూ ఒకే పొడవుకి కోసి, టీ జాయింటు సరిగ్గా మధ్యలో పెట్టి, సెలైన్ సెట్లో ఉండే చక్రం బిళ్లతో కాస్త నొక్కితే 148, 151. ఇంతకన్నా నాకు చేతకాలేదు.

చివరి తలనొప్పి: పంపు ఆపినా 11 సెకన్లు కారుతూనే ఉంది. బ్యాగు పైన, చక్రాలు కింద, నీళ్లు వాటంతటవే దిగుతున్నాయి. సెకనుకు 14 మీటర్ల వేగంలో 11 సెకన్లంటే 154 మీటర్లు, పక్కవాళ్ల చేను దాటి ఆ పక్కవాళ్ల చేను. అక్వేరియం వాల్వు పెట్టాను, ఉపయోగం లేదు. అది వెనక్కి రాకుండా ఆపేదే గానీ ముందుకు పోయేదాన్ని ఆపదు. చివరికి ఒక సర్వోతో గొట్టాన్నే నొక్కించాను. ఇప్పుడు కారేది ఒక సెకను లోపే.

ఈలోగా మొదటి కోత కాయలు వచ్చేశాయి. కల్లం నిండా మిరపకాయలు, రన్‌వే పోయింది. వరి కోసిన మడిలోకి మారాం. కొయ్యకాళ్లలో విమానం కింది చిన్న చక్రాలు చిక్కుకుని ప్రతి దిగుడుకీ బోర్లా పడుతోంది. 6 సెం.మీ. చక్రాలు తీసి 9 సెం.మీ.వి వేశాను.

బరువు: ఖాళీగా 1,578, నీళ్లతో 1,878 గ్రా. గీతకు 122 గ్రాముల దూరం. బావ అరలీటరు పోద్దామంటాడు. అప్పుడు 2,078. కుదరదన్నాను.
ఖర్చు: టాకోమీటరు 950, బొమ్మ మోటార్లు 120, బ్రష్‌లెస్ 1,300, ఈఎస్‌సీలు 900, సర్వో 180, విమానం కింది చక్రాలు 460. మొత్తం రూ. 13,650.

దశ 6: కాగితాల మీద లెక్క (ఫిబ్రవరి)

పైనుంచి చూస్తే స్ప్రే అద్భుతంగా ఉంటుంది. ఉదయం ఎండలో నీలం పొగ, వీడియోలకు బాగుంటుంది. అది నమ్మకండి, కాగితం నమ్మండి.

1. మడికి అడ్డంగా 3 మీటర్ల బద్ద. దాని మీద 25 సెం.మీ.కి ఒకటి చొప్పున 13 తెల్ల అట్టముక్కలు.
2. ఉదయం ఆరుంపావు, గాలి లేనప్పుడు. విమానం ఎత్తు 2 మీటర్లు, సరిగ్గా మధ్య అట్ట మీదుగా.
3. ప్రతి అట్ట మీదా ఒక చదరపు సెంటీమీటరు గడి పెట్టి మచ్చలు లెక్కపెట్టాలి. ఫోనులో ఫొటో తీసి ఇంటికొచ్చి లెక్కపెడితే నడుము బతుకుతుంది.

మొదట చక్రాలను రెక్క చివర్లలో పెట్టాను, ఎక్కువ వెడల్పు పడుతుందన్న ఆశతో. మధ్య నాలుగు అట్టలు ఖాళీ, అంచుల్లో రెండేసి చుక్కలు. మిగతా నీళ్లేమైనట్టు? రెక్క చివర గాలి కింది నుంచి పైకి మెలి తిరుగుతుంది. చుక్కలు ఆ సుడిలో పడి పైకి లేచి బయటికి పోతున్నాయి. పెద్ద విమానాల్లో స్ప్రే గొట్టాన్ని రెక్క పొడవులో దాదాపు ముప్పాతిక లోపే ఆపేది ఇందుకే. నేను మధ్య నుంచి 45 సెం.మీ.కి, అంటే 60 శాతానికి తెచ్చాను. అప్పుడు ఎడమ నుంచి కుడికి:

1, 2, 4, 5, 6, 6, 4, 2, 1, 3, 4, 3, 1

ఎడమ గుట్ట, మధ్యకు కుడి పక్కన గుంట. విమానాన్ని ఎదురు దిశ నుంచి ఎగరేసి, విమానం ఎడమ కుడుల లెక్కన రాస్తే మళ్లీ అంతే. గాలిదీ బద్దదీ తప్పు కాదు. ప్రొపెల్లరుదే. వెనక నుంచి చూస్తే అది కుడివైపుకు తిరుగుతుంది. దాని గాలి ఒంటి కింద కుడి నుంచి ఎడమకు ఊడ్చేస్తుంది. పెద్ద విమానాలవాళ్లు కుడివైపు నాజిళ్లు ఎక్కువ పెట్టి సరిచేసుకుంటారు. నేను కుడి చక్రాన్ని 33 సెం.మీ.కి లోపలికి జరిపాను. ఎడమది అక్కడే.

1, 2, 3, 4, 5, 4, 4, 4, 5, 4, 3, 2, 1

ఈ వరస రాసుకున్న రోజు డ్యూటీకి ఆలస్యమైంది. పర్లేదు.

దీంతో పనికొచ్చే వెడల్పు 2.5 మీటర్లు. సెకనుకు 14 మీటర్లు, 10 మి.లీ. అంటే ఎకరానికి లీటరుంబావు కన్నా తక్కువ. 300 మి.లీ. బ్యాగు అర నిమిషంలో ఖాళీ, అందులో తడిసేది సుమారు 26 సెంట్లు.

ఖర్చు: అట్టలు, బద్దలు, రంగు రూ. 310, మొత్తం రూ. 13,960.

దశ 7: చుక్క చిన్నదైతే (ఫిబ్రవరి చివర, మార్చి)

చదరపు సెంటీమీటరుకు నాలుగు చుక్కలు చాలవు. పురుగు మందుకు 20 నుంచి 30 పడాలంటారు. నీళ్లు పెంచితే బరువు గీత దాటుతుంది. మిగిలింది చుక్క చిన్నది చేయడం. ఒక 230 మైక్రాన్ల చుక్క నీళ్లతో 140 మైక్రాన్లవి నాలుగు పైనే వస్తాయి. చుట్లు 10,000కి పెంచాను.

ఆ రోజు గాలి కొంచెం ఉంది. ఎత్తు కూడా మూడు మీటర్లకు పోయింది, అది నా చేతి తప్పు. అట్టల మీద చుక్కలు పెరిగాయి, 9, 11, 12. సంతోషంగా ఫొటోలు తీసుకుంటుంటే గట్టు అవతలి నుంచి కేక. పక్క కమతం పెద్దాయన కల్లంలో ఎండబోసిన కాయల మీద నీలం చుక్కలు. మా బద్దకు 15 మీటర్ల దూరం. దగ్గరకెళ్లి చూస్తే తాలు లేని ఎర్రటి కాయల మీద సూదిమొన అంత నీలం మచ్చలు, తొడిమల దాకా.

"అది నీళ్లేనండీ బాబాయ్ గారూ, తినే రంగు" అన్నాను.

"నువ్వు తింటావు సరే, మిర్చి యార్డులో కొనేవాడు తింటాడా?" అన్నాడాయన.

బావ, నేను కూర్చుని మధ్యాహ్నం దాకా మచ్చ పడ్డ కాయలు ఏరాం. రెండు తట్టలు. వాటిని బావ తన కాయలతో మార్చి ఇచ్చాడు.

సాయంత్రం లెక్క వేశాను. 230 మైక్రాన్ల చుక్క సెకనుకు దాదాపు 0.9 మీటరు దిగుతుంది, 100 మైక్రాన్లది పావు మీటరు. రెండు మీటర్ల నుంచి దిగడానికి మొదటిదానికి రెండు సెకన్ల పైన, రెండోదానికి ఎనిమిది. సెకనుకు 2 మీటర్ల గాలి, అంటే ఆకులు మెల్లగా కదిలే గాలిలో మొదటిది నాలుగైదు మీటర్లు పోతుంది, రెండోది 16. సగటు 140 అయినా చక్రం నుంచి వచ్చేవన్నీ 140 ఉండవు. అందులో వందవీ ఉంటాయి. కల్లం చేరినవి అవే.

నీలం రంగు కాబట్టి కాయలు ఏరి ఇచ్చాం. కేరళ కాసరగోడులో జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో కొట్టింది ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు. కింద ఇళ్లు, బావులు. ఆ రాత్రి అదే గుర్తొచ్చింది. మందు పోయను అని పైన రాసింది అప్పటిదాకా రూల్స్ కోసం. ఇప్పుడు వేరే.

మార్చినవి:

1. చుట్లు 8,000. చుక్క 170 మైక్రాన్లు.
2. చేతిలో పట్టుకునే గాలి మీటరు కొన్నాను, రూ. 1,150. సెకనుకు 1.5 మీటర్లు దాటితే ఆ రోజుకు పెట్టె కట్టేయడమే.
3. గాలి పోయే వైపు 20 మీటర్లు వదిలి మొదలుపెట్టడం.
4. ఎత్తు 2 మీటర్లు. బద్ద పక్కన 2 మీటర్ల కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ. కంటికి ఆనవాలు లేకపోతే ఎత్తు మన చేతిలో ఉండదు.
5. ఒకే చోట రెండు వరసలు, అంటే రెండుసార్లు ఎగరేసి కొట్టడం. బ్యాగుకు 13 సెంట్లే.

మార్చి రెండో వారం కొలతలు: ఒక వరసకు సగటున 8, రెండు వరసలకు 17. ఇరవైకి ఇంకా మూడు తక్కువ. గట్టు అవతల పెట్టిన ఆరు అట్టల్లో ఒకదాని మీద ఒక్క చుక్క.

మొత్తం ఖర్చు: రూ. 15,110. బరువు: 1,878 గ్రా., మారలేదు. ఎగరేసినవి 61 సార్లు, కూలినవి 4. రాసింది ఒక్కటే, మిగతా మూడూ నా తొందర.

మార్చి 23: మిరప చేలో

ఇన్నాళ్లూ బద్ద మీద, ఖాళీ మడిలో కొలిచాను. బావ తన మిరప చేలో ఒక సాలు చూపించాడు. నడుమెత్తు చెట్లు. పది చెట్లకు అట్టలు క్లిప్పులతో తగిలించాను: పై కొమ్మ ఆకు మీద ఒకటి, నడిమి కొమ్మ ఆకు మీద ఒకటి, అదే ఆకు అడుగున బోర్లా ఒకటి. రెండు వరసలు కొట్టాను. గాలి సెకనుకు 0.7 మీటరు.

- పై ఆకు: 16
- నడిమి ఆకు: 5
- ఆకు అడుగు: 0

పది చెట్లలోనూ అడుగున సున్నా. మల్టీరోటర్ డ్రోన్ అయితే దాని రెక్కల గాలి కిందికి దిగి ఆకుల్ని కదుపుతుంది, కొంతైనా లోపలికి తోస్తుంది. మనది రయ్యిమని పోయేది, వెనక్కి చూడదు. విశాలమైన గోధుమ చేలకు, అడవులకు ఇది సరిపోవచ్చు. ఎకరన్నర మిరపకు డ్రోనే నయం, లేదా బావ భుజం మీద మందు కొట్టే తైవాన్ పంపు. ఇది రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

బావ ఆ సున్నా అట్ట తీసి చూసి, పక్కనున్న ఆకు తిరగేశాడు. ఈనె పక్కన నల్లగా, సన్నగా, గీత గీసినట్టున్న పురుగు కదిలింది. పూవు దులిపి అరచేతిలో వేశాడు, అందులో ఇంకో నాలుగు.

"తామర పురుగు ఉండేది ఇక్కడరా" అన్నాడు.

తర్వాతి పని: ఎడమ చక్రం మోటారు బేరింగు కూస్తోంది, మార్చాలి. మినప చేలో అట్టలు పెట్టి చూడాలి. అది మోకాలెత్తు కూడా ఉండదు.